రెండు రంగుల ఆకు – పాఠ్యగ్రంథం చెప్పని సగం

నూజివీడు ప్రాంతపు మామిడి తోటలలో ఆకు రంగు మారటం ఎవరికీ వింత కాదు. ఒకే చెట్టు మీద రాగిరంగు చిగురు, లేత పచ్చని ఆకు, ముదురాకు కలిసి కనిపిస్తాయి. చిగురులోని ఎరుపు ఆంథోసయనిన్ అనే వర్ణకం వలన కలుగుతుంది. ఆకు ముదిరేకొద్దీ ఆ వర్ణకం తగ్గి, పత్రహరితం పెరిగి, ఆకు పచ్చనవుతుంది. ప్రతి చిగురుకూ జరిగే మామూలు వ్యవహారమే ఇది. కాని రసాల చెట్టున ఒకే ఒక కొమ్మ ఆకులకు తెల్లని అంచు వచ్చినా, నారుమడిలో టెంక నుండి తెల్లని మొలక లేచినా అది వేరే సంగతి. ఇది తెగులా, ఎరువు లోపమా, జాతి మారటమా అని రైతు అడుగుతాడు. కళాశాలలో వృక్షశాస్త్రం చదివే అతని కుమారుడో కుమార్తెయో జవాబు చెప్పవలసి ఉంటుంది. ఇంటర్మీడియట్, డిగ్రీ పాఠ్యగ్రంథాలలో ఈ విషయాన్ని చెప్పే తీరు చూస్తే, ఆ జవాబు వస్తుందనే నమ్మకం కలగదు.

అక్కడ సాధారణంగా ఉండేది ఒకే ఒక ఉదాహరణ. 1909లో జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ కోరెన్స్ చంద్రకాంత మొక్కపై చేసిన ప్రయోగం. ఆ మొక్కలో కొన్ని కొమ్మలు పచ్చనివి, కొన్ని తెల్లనివి, కొన్ని మచ్చలవి. పచ్చని కొమ్మ పువ్వుకు ఏ పుప్పొడి అంటించినా పచ్చని సంతతే వచ్చింది. తెల్లని కొమ్మ పువ్వుకు తెల్లని సంతతే. మచ్చల కొమ్మ నుండి మూడు రకాలూ వచ్చాయి. హరితరేణువులు తల్లి అండకణం ద్వారా సంక్రమిస్తాయి గనుక ఇట్లా జరుగుతుందని వివరణ. తొమ్మిది సంకరణాల పట్టిక ఒకటి, మూడు కొమ్మల బొమ్మ ఒకటి. పాఠం ముగుస్తుంది.

చెప్పినంతవరకు ఇందులో తప్పు లేదు. పట్టిక స్పష్టమైనది, ప్రయోగం గొప్పది. అయితే విద్యార్థి మనస్సులో మిగిలే అభిప్రాయం మాత్రం పొరపాటు: రెండు రంగుల ఆకు అంటే మాతృవారసత్వమే అని. కోరెన్స్ వ్యాసం వెలువడిన ఆ జర్మను పత్రిక మొదటి సంపుటంలోనే ఎర్విన్ బౌర్ వ్యాసం కూడా ఉన్నది. అతడు తెల్లని అంచుగల పెలర్గోనియం మొక్కలను పరీక్షించాడు. వాటిలో తండ్రి వైపు హరితరేణువులు కూడా సంతతికి చేరుతున్నట్లు తేలింది. దేవదారు జాతి చెట్లలో అవి ఎక్కువగా తండ్రి నుండే వస్తాయని తరువాతి పరిశోధనలు చూపాయి. కోరెన్స్‌కు పుటలు కేటాయించిన గ్రంథాలు బౌర్‌ను ఒక వాక్యంతో సరిపెట్టటం, లేదా అసలే విడిచిపెట్టటం న్యాయం కాదు.

బౌర్ చెప్పిన ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది. నూజివీడు విద్యార్థికి కావలసినది అదే. మొక్క కొన మొగ్గలో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. చేతికి వేసుకొన్న తొడుగు వలె పై పొరలు లోపలి కణజాలాన్ని కప్పి, దానితో పాటే పెరుగుతాయి. ఒక పొరలోని ఒక్క కణంలో ఉత్పరివర్తనం జరిగి పత్రహరితం లోపిస్తే, దాని సంతతి క్రమంగా ఆ పొరనంతా ఆక్రమించవచ్చు. అప్పుడు ఒకే ఆకులో రెండు జాతుల కణాలు కాపురముంటాయి. ఇటువంటి మొక్కకు కైమీరా అని పేరు. 1907లో హాన్స్ వింక్లర్ ఈ పేరు పెట్టాడు. గ్రీకు పురాణాలలో సింహపు తల, మేక మొండెం, పాము తోక గల జంతువు అది. దేవాలయ స్తంభాల మీది యాళిని చూసినవారికి వేరే వర్ణన అక్కరలేదు.

పొరల సంగతి తెలిస్తేనే పెరటిలోని ఒక చిక్కు విడిపోతుంది. పసుపు అంచుల పాము మొక్క (మన చాగకు దగ్గరి చుట్టం) ఆకును ముక్కలుగా కోసి ఇసుకలో గుచ్చితే పిలకలు వస్తాయి, కాని వాటికి పసుపు అంచు ఉండదు. కొత్త పిలక ఆకు లోపలి కణాల నుండి పుడుతుంది, పసుపు పొర దానిలో చేరదు. దుంపను విడదీసి నాటితే పొరలన్నీ గల మొగ్గ వస్తుంది గనుక అంచు నిలుస్తుంది. మాతృవారసత్వం ఎంత వల్లించినా ఈ తేడా బోధపడదు, ఎందుకంటే ఇక్కడ విత్తనమే లేదు. అంట్ల మీద బ్రతికే మామిడి ప్రాంతంలో విత్తనం లేని అనువంశికతను పాఠం నుండి విడిచిపెట్టటం విచిత్రమే.

చలి దేశాలలో ఇదే కుటుంబానికి చెందిన హోస్టా అనే ఆకుల మొక్క ఉన్నది. శీతకాలపు చలి లేనిదే అది బాగా పెరగదు, కాబట్టి నూజివీడు ఎండలకు తట్టుకోదు. 1936లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఫ్రాన్సిస్ విలియమ్స్ ఒక నర్సరీ వరుసలో పసుపు అంచుగల హోస్టాను గుర్తించింది. తరువాత ఆమె పేరే ఆ రకానికి వచ్చింది. విత్తనంతో కాక, దుంపలు విడదీయటం వలన అది దేశాలు దాటింది.

ఇక రైతు ప్రశ్న. రంగు మారిన ఆకులన్నీ ఉత్పరివర్తనాలు కావు. మామిడిలో జింకు లోపిస్తే ఆకులు చిన్నవై, సన్నగిలి, ఈనెల మధ్య పసుపుబారుతాయి. ఈ లక్షణం ఒక్క కొమ్మకు పరిమితం కాక చిగురులన్నిటిలో కనబడుతుంది. ఉత్పరివర్తనమైతే ఒకే కొమ్మలో, తెల్లదనానికీ పచ్చదనానికీ మధ్య గీత గీసినట్లు హద్దు ఉంటుంది. మొదటిదానికి జింకు సల్ఫేటు పిచికారీ పనికివస్తుంది. రెండవదానిపై అది డబ్బు దండుగ. మినుములో పల్లాకు తెగులు వంటివి వైరసు వలన కలుగుతాయి. వీటిని వేరుపరచటానికి కూడా బౌర్ మార్గమే ఉన్నది. అబుటిలాన్ మొక్కల మచ్చలు అంటు ద్వారా ఆరోగ్యంగా ఉన్న మొక్కకు ప్రాకుతాయని అతడు 1904లో ప్రకటించాడు. అంటు కట్టినప్పుడు మచ్చ క్రింది మొక్క చిగురులోకి ప్రాకితే అది రోగం. కట్టిన కొమ్మలోనే ఉండిపోతే కణాల మార్పు. అంటు కట్టటం తెలిసిన ఊరిలో ఇంతకంటె సులభమైన పరీక్ష ఏది?

తెల్లని మామిడి మొలక సంగతి మరింత సూటి. జీడిలో దాచిన ఆహారం ఉన్నంతకాలం అది పెరుగుతుంది, అది అయిపోగానే ఎండిపోతుంది. నీరు పోసినా ఎరువు వేసినా నిలువదు. పెద్ద చెట్టు మీది తెల్లని రెమ్మ మాత్రం పచ్చని కొమ్మల పోషణతో బ్రతుకుతుంది. అంటు కట్టేవారు మచ్చల కొమ్మ నుండి పుల్ల తీసుకుంటే, మొగ్గ ఏ భాగం నుండి పుట్టినదో దానినిబట్టి పచ్చని, తెల్లని, లేక మచ్చల రెమ్మ రావచ్చు. తోటవారు అటువంటి కొమ్మను విడిచి వేరే కొమ్మను ఎంచుకోవటం మంచిది.

ప్రయోగశాలలకు ఖర్చు లేని పని ఒకటి ఉన్నది. ఒక ఇసుక తొట్టి, పసుపు అంచుల పాము మొక్క ఆకు ముక్కలు నాలుగు, అదే మొక్క నుండి విడదీసిన పిలక ఒకటి. పిలకలు వచ్చేదాకా కొన్ని నెలలు ఓపిక పడితే చాలు. తొమ్మిది సంకరణాల పట్టిక ప్రక్కన ఈ తొట్టి కూడా ఉండవచ్చు.