వాళ్ల పుస్తకంలో మా హాజరా

ఉదయగిరి కొండ కింద కొయ్య గరిటెలు చెక్కుకునే మాకు, ఆత్మకూరు మీదుగా ఏ.ఎస్. పేట దర్గాకు పోయే మాకు బైబిలు కొత్త కాదు. ఆదివారం పూట పక్క వాడలోంచి వినపడే పుస్తకమే. అయినా మేము దాన్ని చదవం. చదివితే రెండు రకాలుగా చదువుతాం. తప్పులు పట్టి వాదంలో ఓడించడానికి, లేదంటే 'అన్ని మతాలూ ఒకటే' అని సభల్లో చెప్పడానికి. మొదటిది పంతం, రెండోది బద్ధకం.

అన్నీ ఒకటే కావు. ఈసాను మేము పైగంబరుగా నమ్ముతాం. ఖురాన్‌లో మర్యమ్ పేరుతో ఒక సూరానే ఉంది. కానీ ఆయన దేవుని కుమారుడంటే, శిలువ మీద చనిపోయాడంటే ఒప్పుకోం. వాళ్లకు ప్రాణం ఆ మాటల్లోనే ఉంది. ఈ తేడాను దాచిపెట్టే స్నేహం మాకొద్దు. తేడాను ఉంచుకునే చదవాలి. ఎట్లా?

హాజరా కథ తీసుకుందాం. ఆమె పేరు ఖురాన్‌లో లేదు, హదీసుల్లో ఉంది. సఫా మర్వాల మధ్య ఆమె తిరుగులాటను హజ్‌కు పోయిన ప్రతివాళ్లూ తిరుగుతారు. బైబిల్లో ఆమె హాగరు, ఐగుప్తు దాసి. ఆదికాండం 21వ అధ్యాయంలో యజమానురాలు శారా వెళ్లగొట్టమంటుంది. అబ్రాహాము రొట్టె, నీళ్ల తిత్తి ఇచ్చి పంపేస్తాడు. నీళ్లయిపోతాయి. బిడ్డ చావు చూడలేక ఆ తల్లి దూరంగా కూచుని ఏడుస్తుంది. మెట్ట ప్రాంతం వాళ్లం, నీళ్లయిపోవడమంటే ఏమిటో మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇది ఇస్సాకు సంతతి తమ గురించి చెప్పుకున్న పుస్తకం. వెళ్లగొట్టిన ఇంటివాళ్లే ఆ దాసి ఏడుపును చెరిపెయ్యకుండా రాసుకున్నారు. 16వ అధ్యాయంలోనైతే దేవునికి పేరు పెట్టేది ఆ దాసే. నమ్మకం లేనివాడికి కూడా ఈ పుస్తకం విలువ ఇక్కడ తెలుస్తుంది. అయితే గలతీయులకు రాసిన లేఖ 4వ అధ్యాయంలో పౌలు అదే హాగరును దాస్యానికి గుర్తుగా చేసి, వెళ్లగొట్టమన్న మాటను మళ్లీ ఎత్తుకున్నాడు. అది మాకు గుచ్చుకుంటుంది. గుచ్చుకుందని చెప్పడం కూడా ఆ పుస్తకాన్ని గౌరవించడమే.

ఇక్కడ ఈ పుస్తకం ఎవరి చేతికొచ్చిందో కూడా చూడాలి. 1876-78 కరువు చివర, అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలు మిషన్‌లో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఆ అమెరికన్ బాప్టిస్టు మిషన్ తర్వాత ఉదయగిరికీ ఆత్మకూరుకూ వచ్చింది. వాళ్లు ముద్దకు మారారంటారు. మా తాతలు కత్తికి మారారంటారు. రెండు మాటలూ ఒక నోటివే. చదువు దగ్గరికి రానివ్వని ఊళ్లో ఒక పుస్తకం తమదై దొరకడం చిన్న విషయమా? మారినందుకు శిక్ష కూడా ఒకటే. 1950 ఉత్తర్వును 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవ దళితులూ ముస్లిం దళితులూ ఎస్సీ జాబితా బయటే మిగిలారు.

క్రైస్తవ ఇంట పుట్టిన జాషువా ఫిరదౌసి రాశాడు. ముస్లిం కాకుండానే ఒక ముస్లిం కవి దుఃఖం చెప్పాడు. ఆ బాకీ మేమింకా తీర్చలేదు.

మా ఖురాన్‌లోంచి ఒక ముక్క కోసి మమ్మల్ని కొట్టేవాళ్లను చూస్తూనే ఉన్నాం. ముందూ వెనకా చదవండి, మా బతుకు చూసి చదవండి అని అడుగుతున్నాం. అట్లా అడగాలంటే ఇంకొకరి పుస్తకాన్ని మేము ముందు అట్లా చదివి ఉండాలి. పక్క వాడకు పోయి, హాగరు కథ ఉన్న పేజీ తియ్యమని అడుగుదాం.