ఊరి పేరు, ఫ్రెంచి మనిషి: జగిత్యాల కోట ఐతిహ్యం

జగిత్యాల కోటను 1747లో జాక్, తాల్ అనే ఫ్రెంచి ఇంజనీర్లు నిర్మించారనీ, వారి పేర్ల కలయికే ఊరి పేరనీ ఉమ్మడి కరీంనగర్ జిల్లా స్థానిక చరిత్ర రచనలలో తరచుగా కనిపిస్తుంది. నక్షత్రాకారపు ప్రాకారం ఐరోపా దుర్గనిర్మాణ పద్ధతికి బలమైన సాక్ష్యమే. అయితే కట్టడపు రీతి కట్టినవారి పేర్లు చెప్పదు. రెండు పేర్లు అతికిస్తే ఊరి పేరు ఇంత సులువుగా రావడమే అనుమానించదగినది. ఊరి పేరును విరిచి మనుషులను పుట్టించి ఉండవచ్చు.

హైదరాబాదులోని మూసారాంబాగ్ కథ వేరు. 1775లో వ్యాపారార్థం పుదుచ్చేరి చేరిన రేమండ్ 1786లో నిజాం అలీ ఖాన్ కొలువులో ప్రవేశించి సేనానిగా, దర్బారులో ఫ్రెంచి ప్రాబల్యానికి ఆధారంగా ఎదిగాడు. 1798 మార్చిలో మరణించాడు. అదే ఏడాది అక్టోబరులో ఆంగ్లేయులు అతని పటాలాన్ని నిరాయుధం చేశారు. జనం మాత్రం అతణ్ణి వదులుకోలేదు: హిందువులకు మూసారాం, ముస్లింలకు మూసా రహీం అయ్యాడు. ఇక్కడ మనిషి ముందు, పేరు తరువాత. ఆస్మాన్‌గఢ్‌లోని సమాధి, నాటి రాజకీయ పత్రాలు ఆ పేరుకు వెలుపలి సాక్ష్యాలు. జగిత్యాల విషయంలో అటువంటి సాక్ష్యం చూపనంతవరకు జాక్, తాల్‌లను సిద్ధాంత వ్యాసాలలో ఐతిహ్యపాత్రలుగానే పేర్కొనడం ఉచితం.