గీత దాటని విమానం

చిన్న ఎయిర్‌పోర్టులో ఆగి ఉన్న ఏటీఆర్ విమానాన్ని కాస్త నిదానంగా చూస్తే ఒక వింత కనబడుతుంది. ఎడమ ఇంజన్ పూర్తిగా ఆగిపోయి ఉంటుంది. కుడి ఇంజన్ మాత్రం హోరుమంటూనే ఉంటుంది, అయినా దాని ముందున్న ప్రొపెల్లర్ కదలదు. ఆరు బ్లేడ్లూ ఎక్కడివక్కడ నిలబడి ఉంటాయి. లోపల లైట్లు వెలుగుతుంటాయి, ఏసీ నడుస్తుంటుంది. ఇంజన్ తిరుగుతుంటే దానికి బిగించిన ప్రొపెల్లర్ ఎలా ఆగింది?

జవాబు ఇంజన్ కడుపులో ఉంది. ఏటీఆర్ 72-600లో ఉండేది ప్రాట్ అండ్ విట్నీ కెనడా వారి పీడబ్ల్యూ127 కుటుంబపు ఇంజన్. గాలిని నొక్కే కంప్రెసర్లు రెండు, వాటిని తిప్పే టర్బైన్లు రెండు. ఈ భాగం తన పని తాను చేసుకుంటూ వేడి వాయువును వెనక్కి తోస్తుంది. ఆ వెనక ఇంకో టర్బైన్ విడిగా ఉంటుంది. ప్రొపెల్లర్ గేర్‌బాక్సుకు కలిసి ఉన్నది ఈ చివరి టర్బైన్ ఒక్కటే. ముందు భాగానికీ దీనికీ మధ్య ఇనుప బంధమేదీ లేదు, ఉన్నదల్లా వేడి గాలి. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇస్తే రెండోది ఆ గాలికి తిరుగుతుంది. రెండోదాన్ని చేత్తో పట్టుకుని ఆపినా మొదటిదానికి ఏమీ కాదు. ఏటీఆర్ కుడి ఇంజన్‌లో ఆ చేయి పని చేసేది ప్రొపెల్లర్ బ్రేకు. ఇలా ప్రొపెల్లర్‌ను ఆపి ఇంజన్ నడపడాన్ని పైలట్లు హోటల్ మోడ్ అంటారు.

ఇంత తంటా ఎందుకంటే, పెద్ద జెట్ విమానాల తోకలో నేల మీద ఉన్నప్పుడు కరెంటు, చల్లగాలి ఇవ్వడానికే ఒక చిన్న ఇంజన్ ఉంటుంది. దాని బరువు, దాని మరమ్మతు, దాని విడిభాగాలు అన్నీ అదనపు భారమే. ఏటీఆర్ రూపకర్తలు దాన్ని తీసేశారు. అలాగని బయటినుంచి కరెంటు బండి తెచ్చి తగిలించే ఏర్పాటు ప్రతి చిన్న ఊళ్లోనూ ఉంటుందన్న నమ్మకమూ పెట్టుకోలేదు. ఉన్న ఇంజన్‌నే రెండు పనులకు వాడారు. అక్కడితో ఊరుకోలేదు. ప్రయాణికులు ఎక్కే తలుపు వెనక ఎడమవైపు, సామాన్ల తలుపు ముందు ఎడమవైపు పెట్టారు. నడుస్తున్న ఇంజన్ కుడివైపు, మనుషుల రాకపోకలు ఎడమవైపు. ఎక్కే తలుపు కిందికి తెరుచుకుని అదే మెట్లవుతుంది. జనమంతా వెనకనుంచే ఎక్కడం దిగడం కాబట్టి తోక బరువెక్కి ముక్కు లేవకుండా తోక కింద ఒక ఊతకర్ర పెడతారు. ఇన్ని ఏర్పాట్ల ఫలం ఒక్కటే. నిచ్చెన బండి, కరెంటు బండి లేని చోట కూడా విమానం వచ్చి, జనాన్ని దింపి, కొత్తవాళ్లను ఎక్కించుకుని అరగంటలోపు వెళ్లిపోగలదు.

కర్నూలు దగ్గరి ఓర్వకల్లు అలాంటి చోటే. అక్కడి ఎయిర్‌పోర్టును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఎయిర్‌పోర్టుల అభివృద్ధి సంస్థ ద్వారా రాతినేల మీద కట్టించింది. 2019 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు, కానీ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సు వచ్చేసరికి 2021 జనవరి అయింది. ఆ ఏడాది మార్చి 25న తర్వాతి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి మళ్లీ ప్రారంభించి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 28న ఇండిగో ఏటీఆర్‌లు తిరగడం మొదలైంది, బెంగళూరుకు, విశాఖపట్నానికి, చెన్నైకి, వారానికి నాలుగు రోజులు. రాష్ట్రంలో అది ఆరో ఎయిర్‌పోర్టు. తెరిచిన వేళ మాత్రం చూడండి: కరోనా రెండో అల ముంచుకొస్తున్న రోజులవి.

రన్‌వే పొడవు 2,000 మీటర్లు, వెడల్పు 30. ఎయిర్‌బస్ 320 లాంటి జెట్‌లకు మామూలుగా 45 మీటర్ల వెడల్పు చూస్తారు. ఏటీఆర్‌కు 30 చాలు. పూర్తి బరువుతో, అంటే 23 టన్నులతో, సముద్రమట్టం దగ్గర మామూలు ఎండలో గాలిలోకి లేవడానికి దానికి 1,400 మీటర్లలోపే సరిపోతుంది. కర్నూలు వేసవిలో గాలి పలచబడి రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజన్‌కూ దమ్ము తగ్గుతుంది, ఇంకాస్త దూరం పరిగెత్తాలి. ఆ మిగులు కూడా రన్‌వేలోనే ఉంది. టాంకుల్లో 5,000 కిలోల ఇంధనం పడుతుంది. గంట ప్రయాణానికి బయల్దేరేటప్పుడే రానూపోనూ సరిపడా పోయించుకుని, ఇక్కడ ట్యాంకరు కోసం చూడకుండా తిరిగి వెళ్లిపోవచ్చు. ఎయిర్‌బస్ 320 గంటకు తాగే ఇంధనంలో సుమారు మూడో వంతుతో ఈ విమానం గడుపుకుంటుంది.

నాకు అన్నిటికంటే ముచ్చట గొలిపేది ఫైరింజన్ లెక్క. ఎయిర్‌పోర్టులో అగ్నిమాపక ఏర్పాటు ఎంత ఉండాలన్నది ప్రధానంగా వచ్చే విమానం పొడవును బట్టి నిర్ణయిస్తారు. 24 మీటర్ల నుంచి 28 మీటర్లలోపు ఉంటే ఐదో తరగతి, అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం ఒక ఫైరింజన్. 28 మీటర్లు తాకితే ఆరో తరగతి, రెండు ఫైరింజన్లు, అందుకు తగ్గ నీళ్లు, నురగ, మనుషులు. ఏటీఆర్ 72 పొడవు 27.17 మీటర్లు. గీతకు 83 సెంటీమీటర్ల ఇవతల ఆగింది.

సీట్ల దగ్గరా ఇదే పనితనం. ఇండిగో తన ఏటీఆర్‌లలో 78 సీట్లు వేయించింది. మన దేశంలో 80 సీట్లలోపు విమానాలతో దేశీయ సర్వీసులు నడిపే సంస్థలకు ల్యాండింగ్ చార్జీ మినహాయింపు చాలాకాలంగా ఉంది. 50 సీట్లకు ఒక కేబిన్ సిబ్బంది చొప్పున చూసినా ఇద్దరితో సరిపోతుంది. చవక విమానమంటే మంచినీళ్లకూ డబ్బులు తీసుకునేదని మనం వేళాకోళం ఆడతాం గానీ, అసలు చవక ఇక్కడుంది. ఏ ఖర్చు ఏ గీత దగ్గర మొదలవుతుందో తెలుసుకుని, దానికి రెండు సీట్ల ఇవతల, 83 సెంటీమీటర్ల ఇవతల ఆగడంలో ఉంది.

చిన్న ఊళ్లకు చవకగా విమానాలు నడిపించడానికి 2016 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉడాన్ పథకం కూడా ఇలాగే గీతలతో అల్లిన యంత్రం. గంట ప్రయాణానికి, లేదా సుమారు 500 కిలోమీటర్లకు, 2,500 రూపాయల మేర చార్జీకి పరిమితి పెట్టారు. అన్ని సీట్లకూ కాదు, సగం సీట్లకు. అదీ తొమ్మిదికి తగ్గకుండా, నలభైకి మించకుండా. డెబ్బై ఎనిమిదిలో సగం ముప్పై తొమ్మిది! మిగతా సగం గిరాకీని బట్టి అమ్ముకోవచ్చు. చవక సీట్ల మీద వచ్చే లోటును సీటుకింత అని లెక్కగట్టి ప్రభుత్వం పూడుస్తుంది. ఎవరు తక్కువ అడిగితే వారికే ఆ రూటు, మూడేళ్లపాటు పోటీ లేకుండా. ఈ పూడ్చే డబ్బులో 80 శాతం కేంద్రం పెట్టేది, 20 శాతం రాష్ట్రానిది. కేంద్రం వాటా కోసం దేశంలోని ప్రధాన రూట్లలో బయల్దేరే విమానాల మీద లెవీ వసూలు చేస్తారు. ముంబై, ఢిల్లీల మధ్య తిరిగేవాడి టికెట్టులోంచి కొన్ని రూపాయలు కడపకో కర్నూలుకో వచ్చి చేరతాయన్నమాట. ఇవికాక ఇంధనం మీద వ్యాట్‌ను రాష్ట్రం ఒక్క శాతానికి దించుతుంది, పోలీసు భద్రతను, అగ్నిమాపక సేవను ఉచితంగా ఇస్తుంది.

కరోనా ఈ యంత్రాన్ని ఒక్కో మర దగ్గర పట్టి చూసింది. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానాలు ఆగాయి. మే 25న మళ్లీ ఎగిరినప్పుడు మూడో వంతు సర్వీసులకే అనుమతి. కానీ ఆ సెప్టెంబరు మొదట్లో ఉడాన్ విమానాలకు ఆ పరిమితి వర్తించదని కేంద్రం చెప్పింది. మధ్య సీటు ఖాళీగా ఉంచాలా, గౌను తొడిగి కూర్చోబెట్టాలా అని జెట్ సంస్థలు తలపట్టుకున్నాయి. ఏటీఆర్‌లో ఒకవైపు రెండు, మరోవైపు రెండు సీట్లు, మధ్య సీటన్నదే లేదు. ఇది ముందుచూపు కాదు, సన్నని గొట్టం ఇచ్చిన అదృష్టం. అన్నీ ఇలా కలిసిరాలేదు. 2021 ఏప్రిల్ 15 నుంచి రెండు గంటలలోపు ప్రయాణాల్లో తిండి పెట్టడం, అమ్మడం నిషేధించారు. ఓర్వకల్లు నుంచి బెంగళూరు, చెన్నై రెండూ ఆ గీతకు లోపలివే. టీ, శాండ్‌విచ్ అమ్మితే వచ్చే నాలుగు రూపాయలూ పోయాయి. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ. ఓర్వకల్లు రూట్లకు ఉడాన్ మూడేళ్ల గడియారం మొదలై అప్పటికి ఆరు వారాలు కూడా కాలేదు.

గీత ఇవతల ఉండటం ఖర్చును ఆపగలదు, ఆదాయాన్ని తేలేదు. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ కథ అదే చెబుతుంది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని జెండా ఊపిన తొలి ఉడాన్ సర్వీసుల్లో దాని కడప-హైదరాబాద్ విమానం ఒకటి. వాడినది ఏటీఆర్‌లే, ఎంచుకున్నది చిన్న ఊళ్లనే. పొదుపులో దానికి వంక పెట్టలేం. 2022 ఫిబ్రవరిలో అది ఆగిపోయింది. ఇండిగోకు వందల జెట్‌లున్నాయి, ఒక చిన్న రూటు నష్టాన్ని పెద్ద రూట్లలో కలుపుకోగలదు. ట్రూజెట్‌కు చిన్న రూట్లే సర్వస్వం. ఒకే సంస్థ మీద ఆధారపడిన ఎయిర్‌పోర్టు భవిష్యత్తు ఆ సంస్థ వెడల్పును బట్టే ఉంటుంది. ఓర్వకల్లుకు అది అక్కరకొచ్చింది. అదే సంస్థ రేపు ఆ ఏటీఆర్‌ను ఇంకా లాభమున్న ఊరికి తిప్పుకోదన్న హామీ మాత్రం లేదు. ఆ విమానం ఎక్కడైనా వాలగలగడమే దాని గొప్ప కదా.

ఇక పోటీ. ఓర్వకల్లుకు అసలు ప్రత్యర్థి ఇంకో ఎయిర్‌లైన్ కాదు, 44వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు ఉన్న శంషాబాద్ ఆ దారిలో నగరానికి కర్నూలు వైపే ఉంది. మూడు గంటలు కారులో కూర్చుంటే దేశంలో ఏ ఊరికైనా రోజంతా విమానాలు. వారానికి నాలుగు రోజుల సర్వీసు దాన్ని గెలవలేదు. బెంగళూరుకూ అదే రోడ్డు. రోడ్డు ఓడిపోయేది అడ్డంగా వెళ్లాల్సినప్పుడు. విశాఖ సుమారు 700 కిలోమీటర్లు, బస్సైనా రైలైనా రాత్రంతా ప్రయాణం. 2021లో కర్నూలును న్యాయ రాజధానిగా, విశాఖను పాలనా రాజధానిగా చేస్తామన్న మాట గాలిలో ఉన్నందువల్ల ఆ రూటును రాజకీయ రూటుగానే చూశారు చాలామంది. ఆ మాట పక్కన పెట్టినా దూరం దూరమే. ఉడాన్ ఊతం తీసేశాక నిలబడగల టికెట్టు ఉత్తర దక్షిణాల్లో కాదు, తూర్పు వైపు దొరకాలి. 2025 జూలైలో ఓర్వకల్లు నుంచి ఇండిగో కొత్తగా మొదలుపెట్టిన సర్వీసు విజయవాడకు. 44వ నంబరు రోడ్డు పోని దిక్కది.