ఆ ఉదయం ఆఫీసుకెళ్ళినవాళ్ళు

హారుకి మురకామి నవలలు చదివిన ఊపులో ‘అండర్‌గ్రౌండ్’ అందుకుంటే కాసేపటికి విసుగొస్తుంది. పిల్లులు లేవు, బావులు లేవు, జాజ్ లేదు. ఏ లైను, ఎన్నో పెట్టె, ఎన్నింటికి ఎక్కారు... ఇదే గోల. ఆ విసుగే ఈ పుస్తకం బలం అంటాను నేను.

1995 మార్చి 20, సోమవారం. టోక్యో సబ్‌వేలో మూడు లైన్లు, ఐదు రైళ్ళు. ఓమ్ షిన్రిక్యో అనే మతసంస్థ మనుషులు సరీన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్ని గొడుగు మొనలతో పొడిచి దిగిపోయారు. పదిమందికి పైగా చనిపోయారు, వేలమంది ఆసుపత్రుల పాలయ్యారు. మీడియా అంతా ఆ సంస్థ గురువు అసహారా చుట్టూ తిరుగుతుంటే, మురకామి రైళ్ళలో ఉన్నవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళాడు. పుట్టిందెక్కడ, ఏం పని, రోజూ ఏ దారిన వెళ్తారు అని ముందు అడుగుతాడు. సరీన్ సంగతి తరవాతే.

దాదాపు అందరూ ఒకేలా చెప్తారు. దగ్గు, మసకబారిన చూపు, ఎందుకో తెలియదు, అయినా ఆఫీసుకే నడక. ఒకాయనైతే ఆ అవస్థలోనూ ఎప్పట్లాగే పాలు కొనుక్కున్నాడు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ కంటికి ఇవన్నీ డూప్లికేట్ రికార్డులు. ఒకటుంచి మిగతావి ఎగరగొడతాం. ఇంగ్లీషు అనువాదంలో జరిగింది అదే. అరవైకి పైగా ఉన్న ఇంటర్వ్యూల్లో దాదాపు సగం తీసేశారు. ఇరవయ్యో మనిషి కూడా ఆఫీసుకి లేటవుతుందన్న కంగారే చెప్పినప్పుడు గానీ, ఆ నగరాన్ని నడిపిస్తున్న క్రమశిక్షణ ఎలాంటిదో మనకి అందదు. అందుకే ఆ కత్తిరింపు నాకు మింగుడు పడలేదు.

ఓమ్ సభ్యులతో మాట్లాడిన రెండో భాగం అంత నిలబడలేదు. వాళ్ళెవరూ ఆ రోజు సరీన్ వదిలినవాళ్ళు కారు. మొదటి భాగంలో చెవొగ్గి కూర్చున్న మురకామి ఇక్కడ మధ్యమధ్యలో వాదనకి దిగుతాడు. ఇంత చదువుకున్నవాళ్ళు ఇదెలా చేశారు అన్నది మనందరికీ తట్టే ప్రశ్న. సంచులు పొడిచిన ఐదుగురిలో ఒకడు గుండె డాక్టరు, ముగ్గురు ఫిజిక్స్ వాళ్ళు, ఒకడు కృత్రిమ మేధ చదివినవాడు. (క్యాంపస్ ప్లేస్‌మెంట్ల నోటీసు బోర్డులా లేదూ!) కానీ డిగ్రీ మనిషిని కాపాడుతుందని మనకెవరు చెప్పారు? చెప్పిన పని ప్రశ్నించకుండా పూర్తిచేయడమే కదా మనం ముందు నేర్చుకున్నది.

కసుమిగసెకి స్టేషన్‌లో ఆ సంచిని తీసి, నేల తుడిచిన సిబ్బందిలో ఇద్దరు చనిపోయారు. తోటి ఉద్యోగులు దాన్ని డ్యూటీగానే చెప్పుకొస్తారు, గొంతు పెంచకుండా. ఆ పేజీల పక్కన పెట్టి చూస్తే రెండో భాగంలోని వాదనలు నాకు పలచగా కనిపించాయి.