నిష్ఠూరములోని నమ్మకము

చింతాద్రిపేట పుట్టుక ఒక తోట చేతులు మారిన కథ. కూవము నది వంపులోని ఆ తోట, కుంఫిణీకి ప్రధాన వర్తకుడుగా నుండి ఆ పదవి పోగొట్టుకొన్న శుంకురామ శెట్టిది. జార్జి మార్టన్ పిట్ గవర్నరుగా నున్న కాలమున, 1734లో, కుంఫిణీవారు ఆ స్థలమున నేతపనివారికి పేట కట్టించిరి. అరవమున మగ్గమును ‘తరి’ యందురు. చిన్న తరి పేటయే చింతాద్రిపేట యైనదని పెద్దల మాట. ఆదియప్ప నారాయణ శెట్టి పూనికతో ఆదికేశవ పెరుమాళ్, ఆదిపురీశ్వరుల కోవెలలు జంటగా వెలసినవి. తోట పెంచినవాడు ఈ పేటను తలచి యుండడు. మగ్గముతో వచ్చినవాడు విడిచిన యూరిని మరచి యుండడు.

ఇట్టి చోట నిలదొక్కుకొన్న మన కుటుంబములలో తలచిన దొకటి, జరిగిన దొకటి యగుట క్రొత్త గాదు. కుదిరిన సంబంధము తప్పిపోవును. చేతికందిన ఉద్యోగము జారిపోవును. అప్పుడు పెద్దలు ‘అంతా మన మంచికే’ అందురు. ఆ మాటలో తప్పు లేదు. దానిని పలుకు తొందరలో తప్పున్నది. ఎదుటివాని దుఃఖము ఇంకను నోటికి రాకమునుపే మనము దానికి మూత పెట్టుచున్నాము. దైవమును నమ్ముట యనగా నోరు మూసికొనుటయేనా? మన భక్తకవులను అడిగి చూతము.

పోతన వీరభద్ర విజయము వ్రాసిన శివభక్తుడు. చంద్రగ్రహణమునాడు గంగలో స్నానము చేసి, ఇసుక తిన్నెపై మహేశ్వరుని ధ్యానించుచుండగా శ్రీరాముడు కనబడి భాగవతమును తెనిగింపు మనెనని తానే పీఠికలో చెప్పుకొన్నాడు. తలచుకొన్న దైవ మొకరు, ఎదుట నిలిచిన దైవ మొకరు. అయినను అతడు శివుని విడువలేదు, రాముని కాదనలేదు. ఆ గ్రంథమైనను అతని చేతి మీదుగా మనకు పూర్తిగా అందలేదు. అయిదవ స్కంధము గంగన, ఆరవది సింగన, చివరి రెండును నారయ పూర్తిచేసినవి.

అతని గజేంద్రుని చూడుడు. మొసలి పట్టునబడి బలము సన్నగిల్లిన పిదప మొరపెట్టుచు, ఆ మొరలోనే దేవుడు నిజముగా ఉన్నాడా యని సందేహించును. పోతన ఆ సందేహమును దాచలేదు, దానికై ఏనుగును మందలింపలేదు. సందేహించిన నోటనే శరణాగతిని పలికించినాడు. ఆ ఘట్టము మన యిండ్లలో ఇంతకాలము నిలుచుటకు ఇదియే కారణమని మా తలంపు.

కంచెర్ల గోపన్న ఇంకొక యడుగు ముందుకు వేసినాడు. పాల్వంచ పరగణా తహసీలుదారుగా నుండి, సర్కారు సొమ్ముతో భద్రాచలమున గుడి కట్టించి, తానీషా ఏలుబడిలో గోలకొండ చెఱ పాలైనాడు. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో అతడు ప్రార్థించుటలేదు, లెక్క చెప్పుచున్నాడు. భరతునికి, శత్రుఘ్నునికి, లక్ష్మణునికి, సీతమ్మకు చేయించిన నగలను వరుసగా పేర్కొని, ఒక్కొక్కదాని వెల పదివేలని చదివినాడు. తహసీలుదారు దేవుని యెదుట దఫ్తరము విప్పినట్లున్నది. ఎవరి సొమ్మని ఇంత కులుకని రాముని నిలదీసినాడు. ఆ వెంటనే, తిట్టితినని నొచ్చుకొనవలదు, దెబ్బలకు ఓర్వలేక అన్నమాట యిది యని బ్రతిమాలినాడు. కోపము, చనువు, పశ్చాత్తాపము ఒకే పాటలో ఇమిడినవి. పరాయివానిని ఎవ్వరును ఇట్లు తిట్టరు.

మన సభలలో ఈ కీర్తనను పాడువారు కొందరు ఒకటి రెండు చరణములతో ముగింతురు. నగల పట్టిక చప్పట్లకు చాలును. దెబ్బల మాట వచ్చు చరణము రాదు. సమయము చాలదన్నది నిజమే కావచ్చును గాని, పోయినది పాట ప్రాణము. రామోజీ లక్ష్మోజీలు పైకము చెల్లించి విడిపించిరను కథ మనకందరకు తెలియును గనుక, ఆ తిట్లు మనకు ముద్దుగా వినబడును. చెఱలో నున్నవానికి ఆ ముగింపు తెలియదు. తెలియకయే పాడినాడు గనుకనే అది నమ్మకము.

ఒక్క చిక్కు మిగులును. గజేంద్రుడు గట్టెక్కెను, గోపన్న విడుదల పొందెను. శుంకురామునికి తోట తిరిగి రాలేదు. అక్కడ ఎన్నో మగ్గములాడి, ఎన్నో యిండ్లు నిలిచినవి. అది మేలే, అంతమాత్రమున అతని నష్టము నష్టము గాకపోదు. ఈ రెండు మాటలను ఒక్కచోట చెప్పగలిగిన భక్తియే మన కవులు మనకిచ్చిన భక్తి.

కావున ఇంటిలో ఒక పిల్లవాని యాశ భగ్నమైన నాడు మొదట వానిని చెప్పుకొననిండు. దేవుని నిష్ఠూరమాడినను వారింపకుడు. ‘మన మంచికే’ యను మాట పెద్దలు ముందుగా అప్పగించునది గాదు. ఎప్పటికైనను వాడే దానిని చెప్పవలెను. చెప్పకున్నను వాని భక్తికి కొరత లేదు.