వాన కడగని వైపు

వరంగల్‌లో ఇనప గేటుకు రంగు వేయడమంటే ఎండాకాలం పని. వైరు బ్రష్షుతో జంగు గీకి, ఎమరీ పేపరు పట్టి, రెడ్ ఆక్సైడు ఒక కోటింగు, ఎనామిల్ రెండు కోటింగులు వేస్తే కొన్నేళ్లు దిగులుండదు. మా ఇంటి గేటుకు ఈ పని నేనే చేసుకుంటాను. ఇక్కడ ఇనుమును తినేది వాననీరు. అది నిలిచే అడుగు పట్టీ, వెల్డింగు అతుకు చూసుకుంటే చాలు.

విశాఖలో మా అక్కావాళ్ల ఇల్లు సముద్రానికి దగ్గర. అక్కడ గ్రిల్లుకు రంగు వేయడానికి వచ్చిన పెద్దాయన “పైన కాదు బాబూ, వంగి కింద చూడండి” అన్నాడు. పైవైపు బాగానే ఉంది. అడుగువైపు మాత్రం పొరలు పొరలుగా లేచిపోయింది.

అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలితో వచ్చి ఇనుము మీద వాలుతుంది. నీరు ఆరిపోయినా ఉప్పు అక్కడే ఉంటుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మామూలు ఉప్పు కరగడానికి గాలిలో తేమ 75 శాతం ఉండాలి. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. అందుకే చుక్క వాన పడని రోజు కూడా ఇనుము మీద కంటికి కనపడని తడి ఉంటుంది. పైగా క్లోరైడు తుప్పును గట్టి పొరగా కుదురుకోనివ్వదు. తుప్పు ఉబ్బి రాలుతుంటే కింది ఇనుము మళ్లీ బయటపడుతుంది.

పైవైపు పేరుకున్న ఉప్పును వాన కడిగేస్తుంది. అడుగువైపుకు ఆ భాగ్యం లేదు. మా ఊళ్లో ఇనుముకు పగవాడైన వానే తీరంలో దానికి తలంటు పోస్తుంది.

పెద్దాయన ముందుగా మంచినీళ్లతో కడిగాడు. తర్వాత గీకాడు, మళ్లీ కడిగాడు. ఆరీ ఆరగానే ప్రైమరు పట్టించాడు. ఉప్పును కప్పేసి రంగు వేస్తే అది రంగు పొర గుండా తేమను లోపలికి లాగుతుంది, బొబ్బలు లేస్తాయి. ఎంత ఖరీదైన డబ్బా కొన్నా అంతే.

సముద్రం మీద కట్టిన 1914 నాటి పాంబన్ రైలు వంతెన పక్కన 2025లో ప్రారంభమైన కొత్త వంతెనకు స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు, పాలీసిలాక్సేన్ పూత వాడారు. ఇంటి గ్రిల్లుకు అంత ఖర్చు ఎవరూ పెట్టరు. నెలకోసారి పైపుతో అడుగువైపు మంచినీళ్లు కొట్టడం మాత్రం ఎవరైనా చేయగలరు.

సముద్రం మాకు 200 కిలోమీటర్లకు పైనే. గాలిలోని ఉప్పులో చాలామటుకు తీరానికి దగ్గర్లోనే రాలిపోతుంది కాబట్టి మా గేటుకు ఆ స్నానం అక్కర్లేదు. డబ్బా మీద రాసిన పద్ధతి రెండు ఊళ్లకూ ఒకటే కావచ్చు. పని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేది మాత్రం ఆ ఊరి గాలే.