పడేవాడి విద్య

ప్రొఫెషనల్ రెజ్లింగ్ మాట ఎత్తితే చాలు, మన దగ్గర ఠకీమని వచ్చే జవాబు ఒకటుంది: అదంతా ఉత్తుత్తి కుస్తీ, ఎవరు గెలవాలో ముందే అనుకుని కొట్టుకుంటారని. పెద్ద గుట్టు విప్పినట్టు చెబుతారు. ఆ గుట్టును ఈ ఆటలు నడిపే కంపెనీ వాళ్ళే 1989లో అమెరికాలోని న్యూజెర్సీ చట్టసభ ముందు విప్పేశారు. పోటీ అని చెప్పుకుంటే క్రీడల కమిషన్ పెత్తనమూ పన్నూ తప్పవు కాబట్టి, ఇది వినోదమేనని ఒప్పేసుకున్నారు. అయినా జనం లేచి వెళ్ళిపోలేదు. 1993 జనవరి 11న మొదలైన వాళ్ళ టీవీ కార్యక్రమం 'రా' ఇప్పటికీ వారం వారం నడుస్తూనే ఉంది. అసలు ఉత్తుత్తిదని అనే హక్కు లోకంలో ఎవరికున్నా గోదావరి జిల్లాల వాళ్ళకు లేదు. నిడదవోలు పక్కనే, పెరవలి మండలం ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి 'గయోపాఖ్యానం'లో కృష్ణుడూ అర్జునుడూ బావా బావమరుదులై ఉండీ యుద్ధానికి దిగుతారు. ఇద్దరిలో ఎవరూ చావరని, కథ చివరికి రాజీలోనే తేలుతుందని ముందు వరసలో కూర్చున్న పిల్లాడికీ తెలుసు. తెలిసే తెల్లవార్లూ కూర్చున్నారు. పద్యం నచ్చితే వన్స్‌మోర్ అని అరిచి మళ్ళీ పాడించుకున్నారు. ఎవరు గెలిచారని అక్కడ అడిగినవాడు లేడు. ఎవరు రాగం ఎలా తీశారు, ఎదుటివాడి పద్యానికి ఎవరు చోటిచ్చారు అనే మర్నాడు కాలవగట్టు మీద చెప్పుకున్నారు. రెజ్లింగునూ ఆ కొలతతోనే కొలవాలి. అలా కొలిస్తే తేలేది ఒకటే: ఈ విద్యకు ప్రాణం కొట్టేవాడిలో లేదు, పడేవాడిలో ఉంది.

చరిత్ర నాలుగు ముక్కల్లో చెప్పుకుంటే చాలు. నిజం కుస్తీ చూడ్డానికి ఎప్పుడూ రంజుగా ఉండదు. 1910లో లండన్‌లో గామా పహిల్వాన్‌తో తలపడ్డ జిబిస్కో, రెండున్నర గంటలకు పైగా నేలకు కరుచుకుని ఉండిపోయాడు, ఏమీ తేలలేదు. 1928లో పటియాలాలో మళ్ళీ తలపడితే నిమిషం లోపే గామా పడేశాడు. 1916లో ఒమాహాలో జో స్టెకర్, ఎడ్ 'స్ట్రాంగ్లర్' లూయిస్ దాదాపు అయిదు గంటలు పట్టులు పట్టి డ్రాతో సరిపెట్టారు. అటు అయిదు గంటలు, ఇటు ఒక్క నిమిషం. డబ్బు పెట్టి వచ్చినవాడికి రెండూ నష్టమే. అందుకే 1920లలో ఆ లూయిసే మరో ఇద్దరితో కలిసి కుస్తీకి కాలపరిమితీ కథా మలుపులూ జోడించాడంటారు. మన కోడి రామ్మూర్తి నాయుడుగారు మాత్రం చేసిందేమిటి? వీరఘట్టంలో పుట్టి, సొంతంగా సర్కస్ పెట్టి, రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకుని కలియుగ భీముడు అనిపించుకున్నారు. ఆయన బలం నిజం. దాన్ని డేరాలో, దీపాల వెలుగులో, వేళ ప్రకారం జనానికి చూపించడం ప్రదర్శన. ఆ రెండింటికీ పడదని అప్పట్లో ఎవరూ అనలేదు.

ఇక అసలు పనితనం చూద్దాం. రింగు అనేది పరుపు కాదు. ఉక్కు దూలాల మీద చెక్క పలకలు పరిచి, పైన పలచటి ఫోమ్ వేసి, కాన్వాసు బిగిస్తారు. దాని మీద వెల్లకిలా పడడంతోనే చదువు మొదలు. గడ్డం రొమ్ముకు ఆనించాలి, లేకపోతే తల వెనక్కి కొట్టుకుంటుంది. ఊపిరి వదిలేయాలి. నడుము కాదు, మెడ కాదు, భుజాల కింది వెడల్పాటి వీపు మొత్తం ఒక్కసారే తాకాలి. అదే క్షణంలో రెండు చేతులూ చాచి అరచేతులతో నేలను చరచాలి. అప్పుడు దెబ్బ ఒక్కచోట దిగబడకుండా ఒళ్ళంతా పంచుకుంటుంది, చప్పుడు ఆఖరి వరస దాకా వినపడుతుంది. వెనక్కి పడుతుంటే చెయ్యి కింద పెట్టి ఆపుకోవాలనిపించడం మనిషికి పుట్టుకతో వచ్చిన భయం. ఆ భయాన్ని చంపుకోవడమే ఈ విద్యలో మొదటి పాఠం. సప్లెక్స్ సంగతే చూడండి. ఎదుటివాణ్ణి తలకిందులుగా నిలువునా ఎత్తి, తనతోపాటు వెనక్కి పడేస్తాడు. చూసేవాళ్ళకు ఎత్తినవాడి కండలే కనిపిస్తాయి. ఎత్తబడేవాడు సరైన క్షణంలో నేలను తన్ని తానే ఎగరకపోతే, గాల్లో నడుము బిగించి నిలవకపోతే, ఆ ఎత్తు సగంలోనే చెడుతుంది. అమెరికా వాళ్ళు ఎడమ చేతినీ ఎడమ కాలినీ పట్టడం ఆనవాయితీ. మెక్సికో వాళ్ళది కుడి పక్క. ఆ కట్టుబాటు ఉంది కాబట్టే ఎప్పుడూ మొహం చూసుకోని ఇద్దరు రిహార్సల్ లేకుండా ఇరవై నిమిషాలు నడిపించగలరు. తల బిగించి పట్టిన పట్టులో, జుట్టు మొహం మీద పడి ఉండగా, తరువాతి ఎత్తుగడ చెవిలో చెప్పేసుకుంటారు. టైమెంత మిగిలిందో రిఫరీ చేరవేస్తాడు. ఇంత జాగ్రత్త వెనక కూడా చావు పొంచే ఉంటుంది. 1997 ఆగస్టులో సమ్మర్‌స్లామ్‌లో ఓవెన్ హార్ట్ తలకిందులుగా పట్టి నేలకు దించిన పైల్‌డ్రైవర్ కొద్దిగా తప్పి స్టీవ్ ఆస్టిన్ మెడ దెబ్బతింది, కాసేపు కాళ్ళూ చేతులూ ఆడలేదు. జపాన్ మహామల్లుడు మిసావా 2009 జూన్ 13న హిరోషిమాలో, వేలసార్లు పడ్డ మనిషి, ఒక్కసారి పడి మళ్ళీ లేవలేదు. వీళ్ళ పేర్లు విన్నాక ఉత్తుత్తిదని అనమనండి చూద్దాం.

పడడం సగమే. ఎక్కడ దెబ్బ తగిలిందో చివరిదాకా మరిచిపోకపోవడం మిగతా సగం. మోకాలు మెలితిప్పించుకున్నవాడు పది నిమిషాల తర్వాత గెలుపు దొరికినా కుంటుతూనే పరిగెత్తాలి. ఈ నిష్ఠలో బ్రెట్ హార్ట్‌ని మించినవాడు నాకు కనిపించడు. కాల్గరీలో తండ్రి స్టూ హార్ట్ ఇంటి నేలమాళిగలో పట్టులు నేర్చుకున్నవాడు. అతని షార్ప్‌షూటర్, అంటే ఎదుటివాడి రెండు కాళ్ళూ మెలివేసి బోర్లా తిప్పి నడుము విరిచే పట్టు, ఊరికే ఆకాశంలోంచి ఊడిపడదు. అంతకు ముందంతా అతను నడుమునీ కాళ్ళనీ వదలకుండా మెత్తబరుస్తూ వస్తాడు. 1991లో అతనికి బెల్టు అప్పజెప్పిన కర్ట్ హెన్నిగ్ నిజంగానే వెన్ను దెబ్బతో బరిలోకి దిగి, ఆ ఒంటితోనే అందంగా ఓడి వెళ్ళాడు. 1997 మార్చి 23, రెజిల్‌మేనియా 13 మరీ గొప్పది. బ్రెట్ హీరో, ఆస్టిన్ విలన్. ఆస్టిన్ నుదురు పగిలి నెత్తురు పళ్ళ సందుల్లోకి దిగుతోంది. షార్ప్‌షూటర్ బిగిసింది. అరుస్తాడు, పెనుగులాడతాడు గాని ఓడానని ఒప్పుకోడు. చివరికి స్పృహే తప్పుతుంది. గంట మోగాక కూడా బ్రెట్ పడ్డవాణ్ణి వదలడు. గెలిచింది బ్రెట్, కుంటుకుంటూ వెళ్తుంటే జనం జేజేలు కొట్టింది ఆస్టిన్‌కి. ఒక్క ఆటలో హీరో విలనయ్యాడు, విలన్ హీరో అయ్యాడు. ఎవరి నోటా ఒక్క ఉపన్యాసం లేదు. కర్ణుడు కూలిపోతుంటే కృష్ణుణ్ణి కొలిచే జనమే ఎందుకు కళ్ళు తుడుచుకుంటారో తెలిసిన మనకు దీన్ని విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

పడడంలో మావాడే మేటని షాన్ మైకేల్స్ అభిమానులు ఇక్కడ మీసం మెలేస్తారని తెలుసు. మైకేల్స్ పడడంలో ఘటికుడే, కాదనను. కానీ 2005 సమ్మర్‌స్లామ్‌లో హల్క్ హోగన్ చేతిలో ఓడాల్సి వచ్చినందుకు అతను చేసిందేమిటి? చిన్న గుద్దుకు కూడా బొంగరంలా తిరిగి, చేపలా ఎగిరెగిరి పడి, ఎదుటివాణ్ణి నవ్వులపాలు చేశాడు. ఒప్పుకున్న వేషానికి ఎసరు పెట్టడం పనితనం కాదు, కక్ష. 1997 నవంబర్ 9న మాంట్రియాల్‌లో బ్రెట్ పట్టునే బ్రెట్‌కి వేసి, అతను ఓటమి ఒప్పుకోకుండానే గంట కొట్టించిన కుట్ర సంగతి వేరే చెప్పాలా? తన చేతుల్లో ఎదుటివాడికి పెద్ద గాయం కాలేదని బ్రెట్ గర్వంగా చెప్పుకుంటాడు. అలాంటివాడి ఆటకు చరమగీతం పాడింది 1999 డిసెంబర్‌లో గోల్డ్‌బర్గ్ అదుపు తప్పి తన్నిన ఒక్క తన్ను. గెలవడం తప్ప మరేమీ నేర్పించుకోనివాడు పడడం తెలిసిన మేష్టారిని ఇంటికి పంపాడు. ఈ కళ ఎటు పోతోందో చెప్పడానికి ఆ ఒక్క రాత్రి చాలు.

మన గడ్డ మీదికి ఇది 2023 సెప్టెంబర్ 8న వచ్చింది, హైదరాబాద్ గచ్చిబౌలిలో. ఆ ఇండోర్ స్టేడియానికి కోనసీమ బిడ్డ జి.ఎం.సి.బాలయోగిగారి పేరుండడం గోదావరి వాళ్ళకు ముచ్చటైన సంగతి. జాన్ సీనా భారతదేశంలో తొలిసారి బరిలోకి దిగి, సెత్ రాలిన్స్‌తో జతకట్టి కైజర్, విన్సీల మీద గెలిచాడు. పత్రికలన్నీ సీనా చుట్టూనే తిరిగాయి. చూడాల్సింది మరోచోట ఉంది. అదే రాత్రి బరిలోకి దిగిన గుంథర్ ఆ రోజుల్లోనే పాతతరం మల్లుడు హాంకీ టాంక్ మ్యాన్ పేరిట ఉన్న 454 రోజుల ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు రికార్డును దాటుతున్నాడు. అరచెయ్యి విప్పి రొమ్ము మీద అతను చరిచే చరుపులో నటన పాలు బహు తక్కువ. వాతలు పైకి తేలతాయి. వాటికి ఎదురు నిలిచి పడ్డవాడు మన దేశపు షాంకీ. హిందీ టీవీ మహాభారతంలో భీముడి వేషం కట్టిన సౌరవ్ గుర్జర్, రెజ్లింగులో సాంగా, వీర్‌తో కలిసి కెవిన్ ఓవెన్స్, సామీ జేన్‌ల చేతిలో ఓడాడు. రియా రిప్లీ మీద తలపడ్డ నటాల్యా బ్రెట్‌కి మేనకోడలు. హార్ట్ కుటుంబం పట్టు అలా హైదరాబాద్ దాకా వచ్చింది. మనవాళ్ళు ఓడారని కొందరు చిన్నబుచ్చుకున్నారు. నా బాధ అది కాదు. ఆ ఓటమికి ముందూ వెనకా కథ లేకపోవడమే బాధ. వారం వారం సాగే పగల్లో దానికి చోటు లేదు. వచ్చారు, పడేశారు, విమానం ఎక్కారు. పడినవాడి పడడానికి అర్థం ఇవ్వకపోతే అతణ్ణి వాడుకున్నట్టే లెక్క.

వారం వారం వచ్చే ఆటలో కూడా ఇదే తెగులు. 2012 జూలైలో 'రా' మూడు గంటలకు సాగింది. సాగిన జాగాను మైకు పట్టుకుని వాగడంతో నింపారు. ఒకప్పుడు జేక్ రాబర్ట్స్ ఎదుటివాడి తల చంకలో ఇరికించి నేలకు కొట్టే డీడీటీ వేశాడంటే ఆట ముగిసినట్టే, పడ్డవాడు లేవడు. ఇప్పుడు అదే డీడీటీ తిని మూడో క్షణానికి లేచి పరిగెడుతున్నారు. గడ్డం మీదికి తన్నే సూపర్‌కిక్ ఒక్కో ఆటలో అరడజను సార్లు తగులుతుంది, ఎవడికీ ఏమీ కాదు. అందరికీ గాల్లో పల్టీలు కావాలి, పడి ఉండడం ఎవరికీ అక్కర్లేదు. మన సినిమా ఫైట్లు ఇంకా నయమా? హీరో గుద్దితే నలుగురు తాళ్ళ మీద తేలిపోయి లారీ అద్దాలు పగలగొడతారు. ఆ నలుగురికీ పేరు లేదు, నొప్పి లేదు, మొహం కూడా కనపడదు. 1963 నాటి 'నర్తనశాల'లో భీముడికీ జీమూతమల్లుడికీ కుస్తీ పెట్టినప్పుడు, వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాల్‌నీ నెల్లూరు కాంతారావునీ తెచ్చి నిలబెట్టారు. రెండు నిజమైన ఒళ్ళు కలబడితే పట్టులో బరువు తెలుస్తుంది. ఆ బరువును వైరు తాళ్ళకు అమ్మేసుకున్నాం. జాతరల్లో రాత్రంతా నడిచిన పద్యనాటకాన్ని రికార్డింగ్ డాన్సులు తరిమేసినప్పుడు పోయింది కూడా ఇలాంటిదే. ఎదుటివాడు పద్యం ఎత్తుకుంటే ఓపిగ్గా నిలబడి వినే నటుడు పోయాడు.

పిల్లలు చూసి చెడిపోతారన్నది మరో అభ్యంతరం, దీన్ని కొట్టిపారేయను. డాబాల మీద, ఇసుక దిబ్బల మీద ఒకణ్ణొకడు ఎత్తి పడేసుకునే ఆటలు ప్రమాదమే. కానీ ఆ ప్రమాదం ఎక్కడ పుడుతోంది? ఎత్తడం చూసి, పడడం చూడకపోవడంలో. కొట్టడం అందరికీ వస్తుంది. గురువు దగ్గర నేర్చుకోకుండా పడడం ఎవరికీ రాదని పిల్లలకు చెప్పేవాళ్ళు లేరు. ఇది నిజం కుస్తీకి అవమానం అనే పెద్దమనుషులూ ఉన్నారు. రాయబారం చూసినవాడు నిజం రాజకీయాన్ని అవమానించినట్టు కాదు గదా. గోదాలో పట్టు పట్టేవాడి దారి వేరు, రింగులో కథ చెప్పేవాడి దారి వేరు. ఒకడి మీద గౌరవం కోసం రెండోవాణ్ణి దొంగను చెయ్యక్కర్లేదు. దొంగ అనాల్సింది ఎవరినంటే, పడే విద్య రాకుండా బెల్టు కట్టుకుని తిరిగేవాళ్ళని, వాళ్ళకు ఆ బెల్టు కట్టే కంపెనీలని.

2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఈ ఆటలన్నీ నెట్‌ఫ్లిక్స్‌లోకి చేరాయి కాబట్టి చూసేవాళ్ళకు కొదవలేదు. చూసేవాళ్ళను అడిగేది ఒకటే: గెలిచినవాడి పాట మోగేటప్పుడు కెమెరా అంచున నేల మీద పడి ఉన్నవాణ్ణి కూడా చూడండి, అతను ఏ చెయ్యి పట్టుకుని లేస్తున్నాడో గమనించండి. తెలుగులో వ్యాఖ్యానం చెప్పేవాళ్ళెవరైనా సినిమా డైలాగులు కాస్త తగ్గించి, ఎడమ కాలినే ఎందుకు పట్టుకుంటున్నాడో చెప్పాలి. 2015లో గ్రేట్ ఖలీ జలంధర్‌లో ఒక బడి పెట్టాడు, షాంకీ తేలింది అందులోంచే. అలాంటి బడి పెట్టగల స్తోమత ఉన్న కామందులు నిడదవోలు నుంచి భీమవరం దాకా లేకపోలేదు. కోడిపందేల మీద పోసే డబ్బులో ఓ పిసరు ఇటు పెడితే చాలు. పెడితే మాత్రం మొదటి ఏడాది బెల్టులూ రంగు దీపాలూ వద్దు. ఓ రింగు, ఓ నిఖార్సైన గురువు, పొద్దున్నే వచ్చి వెల్లకిలా పడడం నేర్చుకునే పదిమంది కుర్రాళ్ళు ఉంటే సరిపోతుంది.